జ్ఞాపిక మీద పేరు ఎవరిది?

ప్రశ్న: టీచరమ్మగారికి నమస్కారాలు. మాది ఉద్దానంలో ఒక జిల్లా పరిషత్ హైస్కూలు. నేను సైన్సు చెబుతాను, వచ్చి మూడేళ్లయింది. మా అటెండరుగారు జూన్ 30న రిటైరవుతున్నారు. ముప్పై నాలుగేళ్ల సర్వీసు, దాదాపు అంతా ఈ బళ్లోనే. 2018లో తిత్లీ తుపాను ముందురోజు సాయంత్రం అందరూ ఇళ్లకి పరిగెడుతుంటే, ఆయన ఒక్కరే ఆగి అడ్మిషన్ రిజిస్టర్లన్నీ టార్పాలిన్‌లో చుట్టి ఇనప బీరువాలో అడుక్కి పెట్టారట. తెల్లారేసరికి ఆఫీసు గది రేకులు ఎగిరిపోయాయి. రిజిస్టర్లు మాత్రం తడవలేదు. ఇది పాత టీచర్లు చెబితే తెలిసింది, ఆయన నోట ఎప్పుడూ వినలేదు. నిరుడు మా హెడ్మాస్టరుగారు రిటైరైనప్పుడు డప్పులు, ఫ్లెక్సీలు, ఉంగరం, ఊరందరికీ భోజనాలు. ఇప్పుడేమో స్టాఫ్ రూములో "ఒక శాలువా కప్పి టీ ఇప్పిస్తే సరిపోద్ది" అంటున్నారు. ఆయన్ని అడిగితే "నాకేటికమ్మా ఇయ్యన్నీ" అంటున్నారు. ఏం చెయ్యమంటారు?
- ఒక సైన్సు టీచరు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: అమ్మా, ఆయన వద్దన్నారని ఊరుకోకండి. ముప్పై ఏళ్లుగా ఇతరుల సభలకి కుర్చీలు వేసిన మనిషి తనకోసం ఒక కుర్చీ వెయ్యమని నోరు తెరిచి అడగలేడు.

మీ ఉత్తరం చదివాక రెండు రోజులు నా మనసు మనసులో లేదు. ఎందుకో చెప్పాలి. నేను విజయనగరం జిల్లాలో ఒక హైస్కూలుకి హెడ్మిస్ట్రెస్‌గా ఉన్నప్పుడు మా అటెండరు రిటైరయ్యారు. సభ బాగా చెయ్యాలని నేనే పూనుకున్నాను. టౌనుకి వెళ్లి, చీటీ మీద పేరు రాసిచ్చి జ్ఞాపిక చేయించాను. సభలో అది ఆయన చేతిలో పెట్టాం, అందరూ చప్పట్లు కొట్టారు. కాసేపటికి ఆయన కూతురు నా దగ్గరికొచ్చి, పక్కవాళ్లకి వినపడకుండా, "అమ్మగారూ, ఇది మా నాన్నదేనా?" అని అడిగింది.

జ్ఞాపిక మీద ఉన్నది మేం పిలిచే పేరు. ఆయన అసలు పేరు అది కాదు. ఆయన చేరిన కొత్తలో అదే పేరుతో బళ్లో ఇంకొకాయన ఉన్నారట. తికమక పడకుండా అప్పటి హెడ్మాస్టరు ఈయనకి వేరే పేరు పెట్టేశారు. అదే నిలిచిపోయింది. నేను తొమ్మిదేళ్లపాటు నెలనెలా ఆయన జీతం బిల్లు మీద సంతకం పెట్టాను. అసలు పేరు అందులోనే ఉంది, నా కంటి ముందే. నేను చదవలేదు. ఆయన "పర్లేదమ్మా, మీరు పిలిచిన పేరే గదా" అన్నారు. వారంలో కొత్తది చేయించి ఇంటికి తీసుకెళ్లి ఇచ్చాను. ఆ అమ్మాయి ముఖం మాత్రం ఇప్పటికీ నా కళ్లలోంచి పోలేదు.

కాబట్టి రేపు బడికి వెళ్లగానే ఆఫీసులో అడిగి ఆయన సర్వీసు రిజిస్టరు మొదటి పేజీ చూడండి. ఇంటిపేరు, పేరు, తండ్రి పేరు, చేరిన తేదీ రాసుకోండి. తర్వాత వాళ్లింటికి వెళ్లి, మీరు రాసుకున్నది వాళ్లావిడకి చదివి వినిపించండి. ఆహ్వానం, ఫ్లెక్సీ, జ్ఞాపిక అన్నీ దాని తర్వాతే.

ఆ రిజిస్టరు చేతిలో ఉన్నప్పుడే ఇంకో పని ఉంది. నా లెక్కన శాలువా కంటే ఇది ముందు. పెన్షన్ కాగితాలు వెళ్లాయా? టీచర్లు యూనియన్ వాళ్లని అడిగి, తెలిసినవాళ్ల చేత రాయించుకుని నెగ్గుకొస్తారు. అటెండరు పెన్షన్ ఫైలు వెనక పడేది ఎవరు? ఇంక్రిమెంట్లు, సెలవులు అన్నీ రిజిస్టరులో ఎక్కాయా, ఎక్కడైనా సంతకం లేకుండా ఖాళీ ఉందా చూడమని మీ హెడ్మాస్టరుగారితో చెప్పండి. ఆయన 2004 సెప్టెంబరు 1కి ముందు చేరినవారు కాబట్టి పాత పెన్షన్ వస్తుంది. గ్రాట్యుటీ, కమ్యుటేషన్ (పెన్షన్‌లో కొంత భాగం ముందే ఒకేసారి తీసుకోవడం), జీపీఎఫ్ (ప్రావిడెంట్ ఫండ్), ఏపీజీఎల్ఐ (రాష్ట్ర ప్రభుత్వ జీవిత బీమా), గ్రూపు ఇన్సూరెన్సు, మిగిలిన ఆర్జిత సెలవులకి గరిష్ఠంగా 300 రోజుల జీతం, వీటిలో దేనికి దానికి విడిగా కాగితాలున్నాయి. ఆయన తర్వాత కుటుంబ పెన్షన్ వాళ్లావిడకి వెళ్లాలి. ఆవిడ పేరు ఆధార్‌లో ఒకలా, ఫారంలో ఒకలా ఉంటే ఆ రోజున ఆవిడ ఎన్ని ఆఫీసుల మెట్లెక్కాలో ఊహించుకోండి. జూన్ 30 అంటే నెలాఖరు, ఆ సాయంత్రంతో ఆయన ఉద్యోగం అయిపోతుంది. జూలై ఒకటిన జీతం వస్తుంది, ఆగస్టు ఒకటిన ఏం వస్తుందో ఇప్పుడే చూడాలి.

ఆ కాగితాలకి భార్యాభర్తలు కలిసి దిగిన ఫొటో కావాలి. నేను చూసిన చాలా ఇళ్లల్లో పెళ్లయ్యాక ఇద్దరూ పక్కపక్కన కూచుని తీయించుకున్న మొదటి ఫొటో అదే. హడావిడిగా జెరాక్స్ షాపు తెర ముందు, చెమటలు కక్కుతూ దిగుతారు. మీరు ఆ పని కానివ్వకండి. ఇద్దర్నీ ఓ ఉదయం బడికి పిలిచి, బెల్లు వేలాడదీసిన చెట్టు కింద కుర్చీలు వేసి, ఫొటో బాగా తెలిసినవాళ్లతో తీయించండి. ఆఫీసుకి కావలసిన సైజు ఆఫీసుకి, పెద్దది ఫ్రేము కట్టించి వాళ్లింటికి.

సన్మాన పత్రం సంగతి. "సకల సద్గుణ సంపన్నులు, నిరాడంబర మూర్తులు" అని ప్రెస్సులో తయారుగా ఉన్నది తేవద్దు, దయచేసి. అందులో పేరు మారిస్తే ఎవరికైనా సరిపోతుంది. వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తిగారు 1863లో పుట్టింది మీ వంశధార ఒడ్డున పర్వతాలపేటలోనే. ఆయన పుట్టిన నేల మీద ఒక అటెండరుకి ఆయనకే అర్థంకాని పత్రం చదివి వినిపించడం నాకు సహించదు. తిత్లీ ముందురోజు సాయంత్రం సంగతి మీరు నాకు ఎలా రాశారో అలాగే రాయండి. ఆ రిజిస్టర్లు తడిసి ముద్దయి ఉంటే ఎంతమంది పుట్టిన తేదీలు, టీసీలు గల్లంతయ్యేవో ఒక్క వాక్యంలో చెప్పండి. పాత విద్యార్థుల్ని నలుగుర్ని అడిగితే ఇంకో రెండు మూడు సంగతులు దొరుకుతాయి. ఒక పేజీ చాలు. చదవడం ఒక పదో తరగతి పిల్లకి ఇవ్వండి.

జూన్ ఎండలో జరీ శాలువా వద్దు. అంతకీ కప్పాలంటే పొందూరు ఖద్దరు కండువా కప్పండి. వాలుగ చేప దవడతో పత్తి ఏకి, చేత్తో వడికి, చేత్తో నేసిన గుడ్డ అది. రోజూ భుజాన వేసుకుంటారు. జ్ఞాపిక బదులు మీ జిల్లాలోనే బూడితి ఊళ్లో చేసే ఇత్తడి చెంబో బిందో తీసుకుని పేరు కొట్టించండి. మన ఇళ్లల్లో పెళ్లి సామాను మీద పేరు కొట్టించడం ఉన్నదే, అద్దాల బీరువాలో పెట్టే ప్లాస్టిక్ బొమ్మ కంటే తరతరాలు నిలుస్తుంది.

ఇంకొక్క మాట, ఆ రోజు నీళ్లు ఎవరు అందిస్తారో, కుర్చీలు ఎవరు మోస్తారో ముందే పేర్లు రాసుకోండి. లేకపోతే అలవాటు కొద్దీ ఆయనే లేచి మోస్తారు. వాళ్లావిడకి వేదిక మీదే, ఆయన పక్కనే కుర్చీ.

ప్రశ్న: మా ప్రాథమిక పాఠశాలలో మధ్యాహ్న భోజనం మొదలైన 2003 నుంచి వండుతున్నామె మోకాళ్ల నొప్పులతో మానేస్తోంది. ఆర్డరు లేదు, రిటైర్మెంటు తేదీ లేదు. సన్మానం చెయ్యొచ్చా?
- ఒక ఉపాధ్యాయుడు, రాజాం

జవాబు: ఆర్డరు లేదు కాబట్టే తప్పకుండా చెయ్యాలి బాబూ. తేదీ మీరే పెట్టండి. ఆమెకి వచ్చేది జీతం కూడా కాదు, గౌరవ వేతనం. పెన్షన్ లేదు, గ్రాట్యుటీ లేదు. అందుకని ఆమెకి వస్తువులు కొనొద్దు. మీరు, మీ తోటి టీచర్లు, ఆమె చేతి వంట తిని పెద్దయి ఉద్యోగాల్లో ఉన్న పిల్లలు కలిసి వేసుకున్న డబ్బు పోస్టాఫీసులో ఆమె పేరున డిపాజిట్ చేసి, పాస్‌బుక్ చేతిలో పెట్టండి. ఆ రోజు పొయ్యి మీరు వెలిగించండి. పిల్లలతో పాటు మొదటి వరసలో ఆమెని కూచోబెట్టి, మీరు వడ్డించండి. ఇన్నేళ్లలో ఆమె వేడి అన్నం తిన్న రోజులు ఎన్నో ఆమెనే అడగండి.

ప్రశ్న: ప్రధానోపాధ్యాయుల వీడ్కోలుకి పిల్లల దగ్గర తలా వంద వసూలు చెయ్యమంటున్నారు. తప్పా?
- పేరు వద్దు, విజయనగరం

జవాబు: తప్పే. కూలి డబ్బుల్లోంచి ఆ వంద ఇవ్వలేని తల్లి మర్నాడు పిల్లని బడి మాన్పిస్తుంది. నేను చూశాను. ఆ మాట నేరుగా మీ హెడ్మాస్టరుగారితోనే చెప్పండి. వసూలు మొదలుపెట్టింది ఆయన కాకపోవచ్చు, ఆయనకి తెలిసి ఉండకపోవచ్చు. పిల్లలు ఇవ్వదలిస్తే ఒక్కొక్కరూ ఒక పోస్టుకార్డు మీద ఆయన గురించి గుర్తున్న ఒక సంగతి రాసి ఇవ్వనివ్వండి. నా రిటైర్మెంటుకి ఎనిమిదో తరగతి పిల్లలు రాసినవి ఇప్పటికీ నా ట్రంకు పెట్టెలో ఉన్నాయి. ఉంగరం ఎవరికిచ్చానో గుర్తులేదు.