పాత రేడియోల మ్యూజియానికి పిల్లలతో వెళ్తున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. వచ్చే ఆదివారం పిల్లలిద్దర్నీ పాత రేడియోల మ్యూజియానికి తీసుకెళ్తున్నావని తెలిసి చాలా సంతోషం వేసింది. పది నిమిషాలకే విసుగొచ్చి ఇంటికి పోదామంటారేమోనని టెన్షన్‌గా ఉందని రాశావు. ఆ భయంలో అర్థముంది. పిల్లల కంటికి అక్కడున్నవన్నీ చెక్కపెట్టెలే. ఇది ఫలానా ఏడాదిది, అది ఫలానా కంపెనీది అని వరసగా చదువుకుంటూ పోతే పెద్దవాళ్లకైనా కాళ్లు లాగుతాయి. మీ అన్నయ్య కొడుకుని మొదటిసారి తీసుకెళ్లినప్పుడు నేను అలాగే చేశాను. ప్రతి సెట్టు ముందూ ఆగి, తెలిసిందంతా చెప్పాను. వాడు మూడో బీరువా దగ్గరే నా చెయ్యి వదిలేసి, వెళ్లి మెట్ల మీద కూర్చున్నాడు. రెండోసారి వెళ్లినప్పుడు అక్కడి పెద్దాయన ఒక్క మాటా చెప్పకుండా వాడి చెవులకి హెడ్‌ఫోన్ తగిలించారు. ఆ రోజు వాణ్ణి బయటికి తీసుకురావడానికి గంట పట్టింది.

రేడియో ఉన్నది వినడానికి. అందుకని బయలుదేరే ముందే ఫోన్ చేసి కనుక్కో. పనిచేసే సెట్లు ఎన్ని ఉన్నాయి, పిల్లలు నాబ్ తిప్పొచ్చా, క్రిస్టల్ సెట్టు ఉందా, చుక్కలు, గీతల చప్పుళ్లతో సందేశం పంపే మోర్స్ మీట ఉందా అని అడుగు. ఇలాంటి చిన్న మ్యూజియాల్ని చాలాచోట్ల ఇష్టంతో వచ్చి పనిచేసేవాళ్లే నడుపుతారు. వారంలో ఒకటి రెండు రోజులే తెరిచేవీ ఉంటాయి. పిల్లలు వస్తున్నారని ముందే తెలిస్తే వాళ్లు ఒక సెట్టుని సిద్ధం చేసి ఉంచుతారు. ఆ ఒక్క ఫోన్‌తోనే నీ పని సగం అయిపోతుంది.

లోపలికి వెళ్లాక అన్నీ చూడాలని పెట్టుకోకు. మూడు సెట్లు చాలు. మిగతావాటి ముందు నుంచి నడుచుకుంటూ వచ్చేయండి. వాళ్లంతట వాళ్లు ఎక్కడైనా ఆగితే నువ్వూ ఆగు.

మొదటిది వాల్వు రేడియో. వాల్వు అంటే బల్బులా వెలిగే గాజు గొట్టం. స్విచ్ వెయ్యగానే అది పలకదు. వాల్వుల లోపలి సన్నటి తీగ, ఫిలమెంట్, వేడెక్కాలి, దానికి దాదాపు అర నిమిషం పడుతుంది. వేలు తగిలిన క్షణంలో అన్నీ వెలిగే కాలంలో పుట్టిన పిల్లలకి ఈ అర నిమిషమే పెద్ద వింత. ఆ సమయంలో నువ్వేం మాట్లాడకు. ముందు డయల్ దీపం వెలుగుతుంది, తర్వాత సన్నగా గుంయ్‌మని శబ్దం, ఆ తర్వాత ఎక్కడో దూరం నుంచి నడిచొస్తున్నట్టు గొంతు పెద్దదవుతుంది. వీలైతే అక్కడివాళ్లని అడిగి వెనకవైపు నుంచి కూడా చూపించు. చీకట్లో వాల్వులు నారింజ రంగులో వెలుగుతుంటాయి. వేడెక్కిన దుమ్ము, మైనం, పాత చెక్క కలిసిన ఒక వాసన కూడా వస్తుంది. ఏళ్లు గడిచాక పిల్లలకి ఆ వాసనే ముందు గుర్తొస్తుంది, నేను చూశాను. కొన్ని సెట్లలో ఆకుపచ్చగా వెలిగే చిన్న గుండ్రటి కన్ను ఉంటుంది, మ్యాజిక్ ఐ అంటారు. స్టేషన్ సరిగ్గా కుదిరేకొద్దీ అందులోని నీడ సన్నబడుతుంది. చిన్నదాన్ని దాని ముందు నిలబెట్టు. చదవడం రాని పిల్లకి కూడా స్టేషన్ పట్టడం అంటే ఏమిటో అది నేర్పేస్తుంది.

నాబ్ తిప్పనిస్తే, తిప్పే ముందు ఒక మాట చెప్పు. డయల్ మీద ముల్లుని నడిపేది చాలా సెట్లలో ఒక దారం. లోపల కప్పీల మీదుగా చుట్టుకుని ఉంటుంది. డెబ్భై ఎనభై ఏళ్ల సెట్టులో ముల్లు చివరికొచ్చాక కూడా గట్టిగా తిప్పితే ఆ దారం తెగొచ్చు, మళ్లీ ఎక్కించడం మహా ఓపికతో కూడిన పని. ‘ముట్టుకోవద్దు’ అని పదిసార్లు అనేకన్నా ‘లోపల ఒక దారం ఉంది నాన్నా’ అని ఒక్కసారి చెబితే పిల్లల వేళ్లు వాటంతటవే నెమ్మదిస్తాయి.

వెనకవైపు చేతులు పెట్టనివ్వకపోవడం మాత్రం వేరే సంగతి, అక్కడ కచ్చితంగా ఉండు. వాల్వు సెట్లలో రెండు మూడు వందల వోల్టుల కరెంటు ఉంటుంది. స్విచ్ తీసేశాక కూడా, కరెంటుని దాచుకునే కెపాసిటర్లలో కొంతసేపు నిలిచే ఉంటుంది. మ్యూజియం నుంచి వచ్చాక మీవాడు ఎవరింట్లోనో అటక మీదున్న పాత రేడియో తెచ్చి ప్లగ్గు పెడతానంటాడు, నాకు తెలుసు. తెలిసినవాళ్లు లోపల పరీక్షించే దాకా పెట్టనివ్వొద్దు.

రెండోది క్రిస్టల్ సెట్టు. నన్నడిగితే ఆ గదిలో ఉన్న అన్నింటికన్నా గొప్పది ఇదే. బ్యాటరీ లేదు, కరెంటు లేదు. ఒక తీగచుట్ట, గాలెనా అనే సీసపు ఖనిజం ముక్క, దాని మీద ఆనించే సన్నటి తీగ, పొడవాటి ఏరియల్, భూమిలోకి దిగే ఎర్త్ తీగ, హెడ్‌ఫోన్. ఏరియల్‌కి తగిలిన రేడియో తరంగంలో ఎంత శక్తి ఉందో ఆ కాస్త శక్తే చెవిలో మాటగా వినిపిస్తుంది. ఆ సన్నటి తీగని ఇంగ్లీషులో పిల్లి మీసం అంటారు. చిన్నదానికి ఆ పేరు చెప్పు, ఇక వదలదు. మీసాన్ని రాయి మీద అటూ ఇటూ కదుపుతూ, పలికే చోటు ఎక్కడుందో వెతకాలి. దొరికిందాకా ఓపిక పట్టడమే ఇందులో ఆట. ఇలా గాలెనాతో తరంగాల్ని పసిగట్టే పరికరానికి జగదీశ్ చంద్ర బోస్ 1901లో అమెరికాలో దరఖాస్తు చేస్తే 1904లో పేటెంట్ వచ్చింది. పెద్దవాడికి ఇంకో సంగతి కూడా నచ్చుతుంది. 1944లో ఇటలీలోని అంజియో దగ్గర సైనికులకి గాలెనా లేకపోతే, దాని బదులు గడ్డం గీసుకునే బ్లేడు వాడి రేడియో చేసుకున్నారు.

ఒక్కటి జాగ్రత్త. ఈ పాత సెట్లు పట్టే మీడియం వేవ్ స్టేషన్లు చాలా దేశాల్లో మూతపడ్డాయి. అందుకే కొన్ని మ్యూజియాల్లో పక్కనే చిన్న ట్రాన్స్‌మిటర్ పెట్టి, రికార్డు చేసిన కార్యక్రమాన్ని పాత సెట్లకి అందిస్తారు. అలా ఉంటే పిల్లలకి ఉన్నదున్నట్టు చెప్పు. ‘ఈ పాట ఆ మూల ఉన్న పెట్టెలోంచి గోడలు దాటి వస్తోంది’ అన్నా వాళ్ల ఆశ్చర్యం తగ్గదు. తర్వాత ఇంకెవరో చెబితే మాత్రం నీ మాట మీద నమ్మకం తగ్గుతుంది.

మూడోది మోర్స్ మీట. ఇక్కడ పిల్లలు చేతులారా చెయ్యడానికి పని దొరుకుతుంది. చుక్క అంటే పొట్టి చప్పుడు, గీత అంటే మూడు చుక్కలంత సేపు. అది తెలిసి, అక్షరాల పట్టిక ఎదురుగా ఉంటే చాలు, వాళ్ల పేరు వాళ్లే కొట్టుకుంటారు. 1901 డిసెంబరు 12న అట్లాంటిక్ అవతలి నుంచి తనకి వినబడిందని రేడియో తొలినాళ్ల ప్రయోగకర్త మార్కోనీ చెప్పింది మూడు చుక్కలే, ఎస్ అనే అక్షరం. పెద్దవాడికి కార్పేథియా ఓడ సంగతి చెప్పు. 1912 ఏప్రిల్‌లో టైటానిక్ మునిగిపోతున్న రాత్రి, కార్పేథియాలో రేడియో ఆపరేటర్ నిద్రకి సిద్ధమవుతున్నాడు. హెడ్‌ఫోన్ ఇంకా తియ్యలేదు. అందువల్లే సాయం కోరుతూ టైటానిక్ వేసిన కేక అతనికి వినబడింది, 700 మందికి పైగా ప్రాణాలతో బయటపడ్డారు. ఇది చెప్పాక మీట దగ్గర వాడిచేత ఎస్ ఓ ఎస్ అనే ఆపద సంకేతం కొట్టించు. చిన్నదానికి మునిగిపోవడం సంగతి ఇప్పుడే అక్కర్లేదు.

ట్రాన్సిస్టర్ల దగ్గర ఎక్కువసేపు ఆగనక్కర్లేదు. 1947 చివర్లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ అనే పరిశోధనశాలలో, వాల్వు పని చేసే చిన్న ముక్క, ట్రాన్సిస్టర్, పుట్టింది, 1954లో నాలుగు ట్రాన్సిస్టర్లతో జేబులో పట్టే రేడియో అమ్మకానికి వచ్చింది. పెద్ద వాల్వు సెట్టు పక్కన దాన్ని చూపిస్తే మిగతాది వాళ్లకే అర్థమవుతుంది.

మెరుపు రవ్వలతో తరంగాలు పుట్టించే తొలినాటి స్పార్క్ ట్రాన్స్‌మిటర్ నడిపి చూపించే చోటైతే చిన్నదాన్ని కాస్త దూరంగా, నీ ఒళ్లో ఉంచుకో. ఆ చప్పుడు పిడుగు పడ్డట్టు ఉంటుంది, ముందే చెప్పకపోతే ఆ భయంతో మిగతాదంతా పాడైపోతుంది. హెడ్‌ఫోన్ కూడా ముందు నువ్వు పెట్టుకుని చూసి, తర్వాతే వాళ్లకి పెట్టు.

అక్కడివాళ్లతో పిల్లల్నే మాట్లాడనివ్వు. ఆ సెట్లని బాగుచేసిన చేతులు వాళ్లవి. ‘అన్నింటికన్నా మిమ్మల్ని ఎక్కువ కష్టపెట్టిన రేడియో ఏది?’ అని పెద్దవాడిచేత అడిగించు. లేబుల్ మీద లేని సంగతులన్నీ అప్పుడు బయటికొస్తాయి. మాట పొడుగై చిన్నది కదలడం మొదలుపెడితే దాన్ని తీసుకుని నువ్వు పక్కకి రా. వాడి వినికిడికి అడ్డు రాకు. గంట, గంటంపావు అయ్యాక ఇంకా చూడాల్సినవి మిగిలున్నా బయలుదేరండి. హుండీ పెట్టె ఉంటే అందులో పిల్లల చేతులతోనే ఏదో ఒకటి వేయించు.

దారిలో ఒక పొడుపుకథ వెయ్యి. గాయకుడు ఒక మైదానంలో పాడుతున్నాడు. వంద మీటర్ల వెనక ఒకాయన కూర్చున్నాడు. వెయ్యి కిలోమీటర్ల అవతల ఒకావిడ అదే పాటని నేరుగా రేడియోలో వింటోంది. ముందు ఎవరికి వినిపిస్తుంది? ఆవిడకే. గాలిలో శబ్దానికి వంద మీటర్లు దాటడానికి సుమారు 0.3 సెకను పడుతుంది. రేడియో తరంగం ఒక్క సెకనులో 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. జవాబు వెంటనే చెప్పెయ్యకు, ఇల్లు చేరేదాకా వాదించుకోనివ్వు.

ఇంట్లో మీడియం వేవ్ ఉన్న రేడియో ఉంటే ఆ రాత్రే ఇంకో పని చెయ్యాలి. సాయంత్రం ఎండ ఉండగానే డయల్ ఈ చివర నుంచి ఆ చివరకి నెమ్మదిగా తిప్పి, ఎన్ని స్టేషన్లు వచ్చాయో రాసుకోమను. చీకటి పడ్డ రెండు గంటలకి మళ్లీ తిప్పించు. పగటిపూట పై వాతావరణంలో ఈ తరంగాల్ని మింగేసే పొర ఒకటి ఉంటుంది. ఎండ పోగానే అది కరిగిపోతుంది, దానిపైనున్న పొర తరంగాల్ని వంచి తిరిగి కిందికి పంపిస్తుంది. అందుకే రాత్రిళ్లు ఎక్కడెక్కడి స్టేషన్లూ వచ్చి పడతాయి. ఎల్‌ఈడీ దీపాలకి, ఫోన్ ఛార్జర్లకి దూరంగా కూర్చోండి, వాటి గరగర చాలా ఎక్కువ. చిన్నదానికి నిద్ర ముంచుకొస్తే పడుకోబెట్టెయ్యి. పెద్దవాడూ నువ్వూ లెక్క రాసి, ఆ రెండు అంకెలూ నాకు పంపండి.

ప్రేమతో,
మీ పెదనాన్న