అడగండి చెబుతాం: కాళ్లు నేలకేసి కొడితే యుద్ధం గెలుస్తామా?

ప్రశ్న: మా అబ్బాయి అగ్నివీర్‌గా సెలెక్టయి ట్రైనింగ్‌లో ఉన్నాడు. ఫోన్ చేస్తే చాలు, పొద్దస్తమానం సావధాన్, విశ్రామ్ అంటూ గ్రౌండ్‌లో కాళ్లు అరగదీయిస్తున్నారని గోల. డ్రోన్లతో కొట్టుకునే ఈ రోజుల్లో కవాతు దేనికండీ?
(ఓ తల్లి, కనిగిరి)

జవాబు: అడగాల్సిన ప్రశ్నే అడిగారమ్మా. కవాతు మొదలైంది చూడముచ్చటగా ఉంటుందని కాదు, పక్కవాడి పొరపాటుకు మనం పోకుండా ఉండటానికి. 1590ల్లో డచ్చి సైన్యాన్ని నడిపిన నసావు మారిస్ దగ్గరున్నవి తుపాకిమందు కూరి, గుండు వేసి, వెలిగే వత్తితో పేల్చే తుపాకులు. చేతిలో నిప్పు, ఒంటినిండా మందు, అటూ ఇటూ మనుషులు, ఒకడు తడబడితే దీపావళే. అందుకని ఆ పనినంతా నలభైకి పైగా కదలికలుగా విడగొట్టి, ఒక్కోదానికి ఒక్కో ఆర్డర్ పెట్టి, నిద్రలో లేపినా చేసేట్టు తర్ఫీదు ఇచ్చారు. ముందు వరుస పేల్చి వెనక్కి పోతుంది, మందు కూరుకుంటుంది, ఈలోపు రెండో వరుస పేలుస్తుంది. ఈ ఉపాయాన్ని 1594లో మారిస్‌కు ఆయన చిన్నాన్న కొడుకు విలియం లూయీ ఉత్తరంలో గీసి పంపాడు. అదీ సొంత బుర్ర కాదు, పాతకాలం రోమన్ల యుద్ధవిద్య చదివి పట్టింది.

ఆ రోమన్లు మీవాడికి డ్రిల్ నేర్పే ఉస్తాద్‌ల కంటే ఘటికులు. కొత్తవాళ్లను ఎండాకాలం పగటిని పన్నెండు గంటలుగా పంచే లెక్కలో అయిదు గంటల్లో 20 రోమన్ మైళ్లు నడిపించాలని రాసుకున్నారు. దాదాపు 30 కిలోమీటర్లు, నెల్లూరు నుంచి గూడూరు దారిలో ముప్పాతిక వంతు. కత్తి నేర్పేటప్పుడు అసలు కత్తికి రెండింతల బరువున్న కొయ్యకత్తి ఇచ్చి, పాతిన గుంజను పొడవమనేవాళ్లు. రేపు అసలుది చేతికొస్తే పుల్లలా అనిపించాలని.

నేనూ కాలేజీలో ఎన్‌సీసీ చేశాను లెండి. తేజ్ చల్ (వేగంగా నడు) అనగానే నాకు కుడి కాలితో పాటు కుడి చెయ్యే లేచేది, వెనక స్క్వాడంతా పకపకా. ఉస్తాద్ గారు నన్ను పక్కకు పిలిస్తే ఇక రగడా, అంటే ఒళ్లు హూనమయ్యే శిక్ష తప్పదనుకున్నా. ఆయన మాత్రం ఓ వేపపుల్ల విరిచి నా ఎడమ బూటు లేసులో దోపి, "పుల్ల కాలు లేచినప్పుడు పుల్ల లేని వైపు చెయ్యి లేపు" అని వెళ్లిపోయారు. పావుగంటలో దారికొచ్చాను. అమెరికా అంతర్యుద్ధంలో కుడి ఎడమ తెలియని పల్లెటూరి కుర్రాళ్లకు ఎడమ కాలికి ఎండుపచ్చిక, కుడి కాలికి పైరు కోసిన గడ్డి కట్టి నడిపించారని చెబుతారు. ఆ సంగతి చాలా ఏళ్ల తర్వాత చదివి, మా ఉస్తాద్‌కు ఎవరు చెప్పారో అని నవ్వుకున్నా.

ఇక డ్రోన్ల మాట. వరుస కట్టి ఎదురెళితే పోతామన్నది 1914లోనే మెషిన్‌గన్లు తేల్చేశాయి, కాబట్టి యుద్ధం నేర్పేది వేరేగా నేర్పుతారు. మీవాడికి ఫైరింగ్, పాకడం, చాటుచూసి కదలడం అన్నీ ఉంటాయి, తొందరపడొద్దు. గురి చూడటంలో కూడా మార్పొచ్చింది. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా సిపాయిల్లో నాలుగో వంతు కూడా శత్రువు మీద కాల్చలేదని ఎస్.ఎల్.ఎ. మార్షల్ 1947లో రాశాడు. ఆ లెక్క నమ్మేట్టు లేదని తర్వాతి చరిత్రకారులు చాలామంది కొట్టిపారేశారు, నాకూ అనుమానమే. అయినా గుండ్రటి టార్గెట్ల బదులు మనిషి ఆకారంలో ఠపీమని లేచి పడే బొమ్మలు వచ్చాయి.

మరి ఇంకా ఈ లెఫ్ట్ రైట్ ఎందుకంటారా? నిమిషానికి 120 అడుగులు, ఒక్కోటి 30 అంగుళాలు, రోజూ అలా పదిమందితో నడిస్తే పక్కవాడి అడుగు చెవిలో పడిపోతుంది. 1941లో టెక్సాస్ శిబిరంలో ఇలా నడిచిన విలియం మెక్‌నీల్ అనే చరిత్రకారుడు, అర్థంలేని పనే అయినా లోపల ఏదో హాయిగా ఉండేదని రాసుకున్నాడు. మీ ఊళ్లో చెక్కభజన చూసే ఉంటారు, గజ్జె కలిశాక ఎవరూ ఆపలేరు కదా, అదే ఇది. ఎందుకని అడగటం తప్పూ కాదు. 1778లో వ్యాలీ ఫోర్జ్‌లో అమెరికా సైన్యానికి డ్రిల్ నేర్పిన ప్రష్యా వాడు స్టూబెన్, మా దేశంలో చెయ్యమంటే చేస్తారు, ఇక్కడ మాత్రం ఎందుకో చెబితేనే చేస్తున్నారని స్నేహితుడికి రాశాడు. ఇంగ్లీషు రాక, తన తరఫున తిట్టమని సహాయకుణ్ని పురమాయించేవాడట.

ప్రశ్న: బ్రిడ్జి మీద కవాతు చేస్తే కూలుతుందా? మా వాడు పెన్నా వంతెన మీద కూడా అడుగు కలపకూడదంటున్నాడు.
(ఓ డిగ్రీ విద్యార్థి, కోవూరు)

జవాబు: కథ కాదు, జరిగింది. 1831లో ఇంగ్లండులో మాంచెస్టర్ దగ్గర బ్రౌటన్ వేలాడే వంతెన మీద 74 మంది సిపాయిలు అడుగు కలిపి నడిచారు. వంతెన ఊగుతుంటే సరదా పుట్టి, ఈల వేస్తూ ఇంకా గట్టిగా తొక్కారు. ఉయ్యాలను సరైన సమయంలో నెట్టినట్టే. బోల్టు విరిగింది, సగంమంది నీళ్లలో పడ్డారు, అదృష్టం కొద్దీ ఎవరూ పోలేదు. బోల్టులో ముందే లోపముందని తర్వాత తేలింది. అప్పట్నుంచి వంతెనల మీద అడుగు కలపొద్దని సైన్యంలో ఆర్డర్. అయినా 1850లో ఫ్రాన్సులో ఆంజే దగ్గర, గాలివానలో ఇంకో వేలాడే వంతెన కూలి 200 మందికి పైగా సిపాయిలు చనిపోయారు. మన పెన్నా వంతెన వేలాడేది కాదు. లారీలకే చలించనిది, మీ స్క్వాడ్‌కు ఏమవుతుంది!

ప్రశ్న: మైపాడు బీచ్ ఇసుకలో పరుగెత్తితే ఆర్మీ ర్యాలీకి పనికొస్తుందా?
(ఓ కుర్రాడు, ఇందుకూరుపేట)

జవాబు: పిక్కలకు మంచిదే, వేగం మాత్రం గట్టి నేల మీదే వస్తుంది. ర్యాలీ పరుగులో 1.6 కిలోమీటర్లు 5 నిమిషాల 30 సెకన్ల లోపు అయితే 60కి 60 మార్కులు. 400 మీటర్ల ట్రాక్‌లో నాలుగు రౌండ్లు, రౌండుకు 82 సెకన్లు. మొదటి రౌండు 70లో కొట్టి మూడోదానికి చతికిలపడేవాళ్లే ఎక్కువ, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని ముందు 82కు కాలిని అలవాటు చెయ్యి తమ్ముడూ.