రెండు పార్టీలూ నచ్చకపోయినా ప్రైమరీకి వెళ్ళు

చి. కిరణ్‌కి,
పెద్దమ్మ ఆశీస్సులు.

నీ మెసేజ్ చదివాను. అమెరికా సిటిజన్‌షిప్ చేతికొచ్చిన ఏడాదే "డెమోక్రాట్లూ రిపబ్లికన్లూ దొందూ దొందే పెద్దమ్మా, నేను ఓటు వెయ్యను" అంటున్నావు. నీ కోపంలో న్యాయం ఉంది. 2025లో రెండు పార్టీలూ ఖర్చుల బిల్లు తేల్చుకోక అక్టోబర్ 1 నుంచి 43 రోజులు ఫెడరల్ ప్రభుత్వం మూతపడింది. ఎయిర్‌పోర్టుల్లో బ్యాగులు చెక్ చేసేవాళ్ళు జీతం లేకుండా డ్యూటీ చేశారు. లేబర్ డిపార్ట్‌మెంటులో హెచ్1బీ వీసాకి ముందు కావాల్సిన ఎల్‌సీఏ పత్రాలు ఆగిపోయి మన పిల్లలు ఎంత టెన్షన్ పడ్డారో నువ్వు దగ్గర్నుంచి చూశావు.

గ్రీన్‌కార్డు సంగతి తలుచుకుంటే నాకు ఇంకా కడుపు మండుతుంది. ఉద్యోగం మీద వచ్చే గ్రీన్‌కార్డుల్లో ఏ దేశానికైనా ఏడు శాతం మించకూడదన్న పరిమితి తీసెయ్యడానికి 2019 జులైలో అమెరికా కాంగ్రెస్ దిగువ సభ హౌస్ 365–65 ఓట్లతో బిల్లు పాస్ చేసింది. రెండు పార్టీల వాళ్ళూ అనుకూలంగా వేశారు. 2020 డిసెంబర్‌లో పై సభ సెనేట్ కూడా కొన్ని మార్పులతో పాస్ చేసింది, అదీ ఒక్కరు కూడా అడ్డు చెప్పకుండా. ఆ రెండిటినీ కలిపి చట్టం చేసేలోగా కాంగ్రెస్ గడువు అయిపోయింది. లక్షల కుటుంబాలు మళ్ళీ క్యూలోనే మిగిలాయి. ఇది చూశాక పార్టీల మీద విరక్తి కలగకుండా ఎలా ఉంటుంది?

కానీ నువ్వు ఇంట్లో కూర్చుంటే పార్టీలకు నష్టమేమీ లేదు. తక్కువ మంది వచ్చే చోటే వాళ్ళ పట్టు గట్టిగా ఉంటుంది. మన న్యూజెర్సీలో జరిగిందే చెబుతాను, ఎందుకంటే ఇది నువ్వు ఇండియా నుంచి వచ్చాక నీ కళ్ళముందు జరిగినా ఎవరూ నీకు విడమరచి చెప్పి ఉండరు.

ప్రైమరీ అంటే పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే ఎన్నిక. ఇక్కడ ఆ ప్రైమరీ బ్యాలెట్ మీద "కౌంటీ లైన్" అని ఒకటి ఉండేది. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. ఆ కౌంటీలో పార్టీ నాయకులు ఎవరిని బలపరిస్తే వాళ్ళ పేర్లన్నీ, సెనేటర్ నుంచి టౌన్‌షిప్ కౌన్సిల్ దాకా, ఒకే వరసలో వచ్చేవి. మిగతా అభ్యర్థుల్ని ఎక్కడో మూలకు, ఖాళీ గళ్ళు దాటాక పడేసేవారు. ఆ మూలకు సైబీరియా అని పేరు కూడా ఉంది. రాష్ట్రంలో 21 కౌంటీలుంటే 19 కౌంటీల్లో ఇదే పద్ధతి. పేర్లు తెలియని ఓటరు ఆ వరసంతా నొక్కేసి వెళ్ళిపోయేవాడు. అంటే నాయకుడి ఇష్టమే ఓటుగా మారేది. గెలిచినవాడు కూడా జనానికి కాక, తనకు ఆ వరస ఇచ్చినవాళ్ళకే జవాబు చెప్పుకునేవాడు.

2024లో సెనేట్‌కి పోటీ చేసిన ఆండీ కిమ్ దీనిమీద ఫెడరల్ కోర్టుకెక్కాడు. కొరియా నుంచి వచ్చిన తల్లిదండ్రుల బిడ్డ. ఆయనకు పోటీగా అప్పటి గవర్నర్ భార్య నిలబడితే పెద్ద కౌంటీల నాయకులు ఆవిడ వెనక చేరారు. మార్చి నెలాఖరులో ఆవిడ తప్పుకుంది, ఆ వారంలోనే జడ్జి ఆ జూన్ డెమోక్రాట్ల ప్రైమరీకి లైన్ వాడకూడదన్నాడు. 2025 మార్చిలో చట్టమే మారింది. ఇప్పుడు ఏ పదవికి పోటీ చేసేవాళ్ళంతా ఒకే చోట కనిపిస్తారు. ఇన్నేళ్ళుగా పాతుకుపోయిన పద్ధతిని మార్చవచ్చని నాకు నమ్మకం కుదిరింది అప్పుడే.

కాబట్టి ముందు నువ్వు చెయ్యాల్సింది ప్రైమరీకి వెళ్ళడం. ఓటరుగా నమోదైనప్పుడు ఏ పార్టీ రాయకపోతే నువ్వు "అన్‌ఎఫిలియేటెడ్". అలాంటివాళ్ళు మన రాష్ట్రంలో లక్షల్లో ఉన్నారు, చాలామంది తమకు ప్రైమరీలో ఓటు లేదనుకుంటారు. ఉంది. జూన్‌లో ప్రైమరీ రోజు పోలింగ్ చోటుకి వెళ్ళి ఏ పార్టీ బ్యాలెట్ కావాలో అక్కడే చెప్పవచ్చు. అప్పుడు ఆ పార్టీలో నమోదవుతావు, తర్వాత కావాలంటే ఫారం నింపి బయటికి రావచ్చు. ఒక పార్టీ నుంచి ఇంకో పార్టీకి మారాలంటే మాత్రం 55 రోజుల ముందే ఫారం ఇవ్వాలి. అసలు ఓటరు నమోదుకే 21 రోజుల గడువుంది, అది మర్చిపోకు. మనవైపు చాలా సీట్లు ఏదో ఒక పార్టీకి ఖాయమైనవే, నవంబరు వచ్చేసరికి ఎంచుకోవడానికి ఏమీ మిగలదు. జూన్‌లో వచ్చే కొద్దిమందే అంతా తేల్చేస్తారు.

నియోజకవర్గాల మ్యాపుల మీద నీకున్న మంట కూడా సరైనదే. పార్టీలు తమకు లాభంగా గీతలు గీసుకుంటే ఆపడం మా పని కాదని 2019లో సుప్రీంకోర్టు తేల్చింది. మన రాష్ట్రంలో హౌస్ సీట్ల మ్యాప్‌ని రెండు పార్టీల నుంచీ చెరి ఆరుగురు, మధ్యలో ఒక తటస్థుడు కూర్చుని గీస్తారు. 2021లో ఆ తటస్థుడు, పోయినసారి రిపబ్లికన్ల మ్యాప్ తీసుకున్నారు కాబట్టి ఈసారి డెమోక్రాట్లది తీసుకుంటున్నానన్నాడు! మిషిగన్‌లో మామూలు జనం సంతకాలు సేకరించి 2018లో ఆ పని రాజకీయ నాయకుల చేతుల్లోంచి లాక్కున్నారు. మనకు అలా సంతకాలతో రాజ్యాంగ సవరణ పెట్టే వీలు లేదు, ఇక్కడ శాసనసభ్యుల్నే అడగాలి. వాళ్ళు మన మాట వినేది ప్రైమరీకి ముందే.

దీనికి మన సంఘాలు కూడా పనికొస్తాయి. ఎన్నికలొస్తే అభ్యర్థులు ఉగాది వేడుకలకి, బ్రిడ్జ్‌వాటర్ గుడికి వస్తారు. మనవాళ్ళు శాలువా కప్పి ఫోటో దిగి పంపించేస్తారు. నాకది నచ్చదు. శాలువా కప్పండి, కానీ మైక్ ముందు రెండు ప్రశ్నలు అడగండి: గ్రీన్‌కార్డు పరిమితి తీసేసే బిల్లుకి ఓటు వేస్తారా, మ్యాపులు గీసే పని పార్టీల నుంచి తీసేస్తారా. జవాబు రాసి పెట్టుకుని సంఘం వాట్సాప్‌లో పెట్టండి.

ఇంకొకటి, నువ్వు ఊహించనిది. పార్టీ కౌంటీ కమిటీకి ప్రతి చిన్న పోలింగ్ డిస్ట్రిక్టు నుంచీ సభ్యుల్ని ఎన్నుకుంటారు. కౌంటీ ఛైర్మన్‌ని ఎన్నుకునేది ఆ సభ్యులే. చాలా చోట్ల ఆ సీట్లకు పోటీయే ఉండదు, కొన్ని ఖాళీగా పడి ఉంటాయి. కొద్ది సంతకాలు చాలు. మీ వీధిలో నలుగురు తెలుగువాళ్ళ తలుపు తడితే సరిపోవచ్చు. స్కూల్ బోర్డు ఎన్నికల్లో అయితే పార్టీ గుర్తే ఉండదు, అక్కడ కూడా నిలబడవచ్చు. నీ ప్రాపర్టీ టాక్స్‌లో పెద్ద వాటా వెళ్ళేది స్కూళ్ళకే.

ముందు నీ నమోదు ఎలా ఉందో రాష్ట్రం వెబ్‌సైట్‌లో చూసుకో. తర్వాత ఫోన్ చెయ్యి, మీ డిస్ట్రిక్టు కమిటీ సీట్ల సంగతి కౌంటీ క్లర్క్ ఆఫీసులో కలిసి కనుక్కుందాం.

మీ పెద్దమ్మ