సోలార్ పనే నేర్చుకుంటానంటున్నాడు, ఐటీఐలో ఏ ట్రేడ్ ఇప్పించాలి?

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ఈమధ్యే డాబా మీద 3 కిలోవాట్ల సోలార్ పెట్టించాం. బిల్లు తగ్గింది కానీ, లైన్లో కరెంటు పోతే పట్టపగలు కూడా మా సోలార్ ఆగిపోతోంది. మా అబ్బాయి ఒడియా మీడియంలో పదో తరగతి పాసయ్యాడు. బిగించడానికొచ్చిన కుర్రాళ్ళను చూసినప్పటి నుంచీ తనూ ఆ పనే నేర్చుకుంటానని పట్టుబట్టాడు. వాళ్ళ నాన్నగారేమో ప్లస్ టూ, ఆ తర్వాత బీటెక్ అంటున్నారు. రేపు సబ్సిడీ ఆపేస్తే ఈ పని ఉంటుందా?

జవాబు: అమ్మా, మీ టెన్షన్ అంతా సబ్సిడీ దగ్గరే ఉంది కాబట్టి ముందు అది చూద్దాం. కోటి ఇళ్ళ లక్ష్యంతో 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్య ఘర్ పథకానికి పెట్టుకున్న గడువు 2026-27 ఆర్థిక సంవత్సరం. 3 కిలోవాట్లకు కేంద్రం ఇచ్చే 78,000 రూపాయలను చూసే చాలామంది ముందుకొస్తున్నారు. మీవాడు ఐటీఐ పూర్తిచేసుకుని బయటికొచ్చేసరికి ఈ హడావుడి ఇలాగే ఉంటుందని ఎవరూ చెప్పలేరు. ఇప్పుడున్న గిరాకీని చూసి మాత్రం ఈ దారి పట్టించకండి.

అలాగని పని ఉండదనీ కాదు. ప్యానెళ్ళు పాతికేళ్ళు ఉండేలా తయారవుతాయి. ప్యానెళ్ళ కరెంటును ఇంట్లో వాడుకునేలా మార్చే ఇన్వర్టరు అంతకాలం రాదు, మధ్యలో ఒకసారైనా మార్చాల్సిందే. వదులైన కనెక్టర్లు, సరిగా లేని ఎర్తింగ్, తుప్పు పట్టిన బోల్టులు... ఇవన్నీ బిగించిన నాలుగైదేళ్ళకు బయటపడతాయి. 2018లో తిత్లీ తుపాను చూసిన మీ గజపతి జిల్లా వాళ్ళకు డాబా మీద ఇనుప స్ట్రక్చరు ఎంత గట్టిగా ఉండాలో నేను చెప్పక్కర్లేదు. బిగించే పని తగ్గేకొద్దీ బాగుచేసే పని పెరుగుతుంది. అది అందరికీ రాదు. ప్యానెళ్ళు మోసి నట్లు బిగించడం వారంలో వస్తుంది. తప్పు ఎక్కడుందో పట్టుకోవాలంటే కరెంటు తెలియాలి.

అందుకే నా సలహా, రెండేళ్ళ ఎలక్ట్రీషియన్ ట్రేడ్. ఐటీఐల్లో ఏడాది సోలార్ టెక్నీషియన్ ట్రేడ్ కూడా ఉంది, మీవాడి కన్ను దాని మీదే పడుతుంది. కానీ దాంతో ఒక్క రంగానికే కట్టుబడిపోతాడు. ఎలక్ట్రీషియన్ అయితే ఇంటి వైరింగ్, మోటార్లు, ఫ్యాక్టరీ మెయింటెనెన్స్ కూడా చేతిలో ఉంటాయి. సోలార్ ఆ తర్వాత నేర్చుకోవచ్చు. గురుగ్రామ్‌లోని జాతీయ సౌరశక్తి సంస్థ నడిపించే సూర్యమిత్ర శిక్షణ 600 గంటలది, ఎలక్ట్రీషియన్ ఐటీఐ చేసినవాళ్ళు దానికి అర్హులు. ఒడిశాలో ఐటీఐ సీట్లకు దరఖాస్తు శామ్స్ అనే రాష్ట్ర ప్రభుత్వ ఆన్‌లైన్ అడ్మిషన్ల పోర్టల్లోనే. ఒడియా మీడియం అక్కడ ఇబ్బందే కాదు. పైగా ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా వచ్చినవాడికి ఇటు బరంపురం వైపైనా, అటు ఆంధ్రలోని పాతపట్నం వైపైనా భాష అడ్డు కాదు. ఒక్క జాగ్రత్త: కరెంటు పనుల పర్మిట్లు, లైసెన్సులు రాష్ట్రాలు ఇచ్చేవి. ఆంధ్రలో సొంతంగా కాంట్రాక్టులు పట్టాలంటే అక్కడి నియమాలు చూసుకోవాలి.

నాన్నగారి మాటా పూర్తిగా తోసేయను. ఐటీఐ తర్వాత లేటరల్ ఎంట్రీతో డిప్లొమా రెండో ఏడాదిలో చేరొచ్చు, డిప్లొమా తర్వాత అదే పద్ధతిలో బీటెక్‌కు వెళ్ళొచ్చు. దారి మూసుకుపోదు. లెక్కలు ఇష్టమై, మార్కులూ బాగుంటే నేరుగా ప్లస్ టూకే పంపండి, నాకేం అభ్యంతరం లేదు. అప్పుడు కూడా బ్రాంచి ఎలక్ట్రికలే తీసుకోమనండి. పేరులో సోలార్ ఉన్న కొత్త కోర్సుల వెంట పడొద్దు.

ఇక, కరెంటు పోతే మీ సోలార్ ఎందుకు ఆగిపోతోందో మీవాడు ఎవరినైనా అడిగాడా? మీది ఆన్‌గ్రిడ్ ఇన్వర్టరు, అంటే కరెంటు లైన్‌తో కలిసి నడిచేది. లైన్లో కరెంటు లేనప్పుడు అది కావాలనే ఆగిపోతుంది. ఆగకపోతే మీ డాబా మీది కరెంటు లైన్లోకి వెళ్ళి, స్తంభం ఎక్కి రిపేరు చేస్తున్న లైన్‌మన్ ప్రాణం తీస్తుంది. కరెంటు లేనప్పుడూ వాడుకోవాలంటే హైబ్రిడ్ ఇన్వర్టరు, బ్యాటరీ కావాలి, దానికి ఖర్చు వేరే. ఈ జవాబు విని ఊరుకుంటాడా, ఇంకో నాలుగు ప్రశ్నలు అడుగుతాడా చూడండి.

అడ్మిషన్లలోపు ఒక పని అప్పగించండి. నెల రోజులు రోజూ సాయంత్రం నెట్ మీటరులో లైన్ నుంచి తీసుకున్న యూనిట్లు, లైన్‌కు ఇచ్చిన యూనిట్లు, ఇన్వర్టరు తెరమీద ఆ రోజు తయారైనవి నోటుబుక్కులో రాయాలి. కిలోవాటుకు రోజుకు సుమారు 4 యూనిట్లు, అంటే మీకు 12 దాకా రావాలి. మబ్బు రోజున తయారీ ఎంత తగ్గింది, తయారైన దాంట్లో ఇంట్లో ఎంత వాడుకున్నారు, బిల్లులో అంకెలతో సరిపోయిందా అన్నది తనే లెక్క తేల్చి మీకు చెప్పాలి. పదిరోజులకే విసుగొచ్చి వదిలేస్తే, వాడికి నచ్చింది ఆ కుర్రాళ్ళ హుషారే తప్ప పని కాదని అర్థం.

వైర్లు, ప్యానెళ్ళు మాత్రం ముట్టుకోనివ్వకండి. మీ డాబా మీద అరడజను ప్యానెళ్ళు వరసగా కలిపి ఉంటే 300 వోల్టుల దాకా డీసీ ఉంటుంది. మెయిన్ కట్టేసినా ఎండ ఉన్నంతసేపు అది పోదు.