రాక్ క్రాలర్: కొనాలా, కట్టుకోవాలా?

ప్రశ్న: 1:10 ఆర్‌సీ రాక్ క్రాలర్‌తో (అసలు బండిలో పదో వంతుండి, రిమోట్‌తో రాళ్లెక్కే చిన్న బండి) పోటీల్లో దిగాలని ఉంది. రెడీ బండి కొనమంటారా, సొంతంగా కట్టుకోమంటారా? పానా పట్టడం వచ్చు గానీ ఇలాంటి బండి ఎప్పుడూ విప్పలేదు.
— ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: పోటీకే అయితే కిట్ కొని కట్టుకోండి. ఛాసిస్, యాక్సిళ్లు, గేర్‌బాక్స్, లింకులు (యాక్సిళ్లను ఛాసిస్‌కు కలిపే కడ్డీలు), షాకులు విడివిడిగా ఒకే డబ్బాలో వస్తాయి. మోటారు, దాని వేగాన్ని అదుపు చేసే ఈఎస్‌సీ, స్టీరింగ్ తిప్పే సర్వో, రిమోట్, బ్యాటరీ చాలా కిట్లలో ఉండవు, అవి మీకు కావలసినవే తెచ్చుకోవచ్చు. రెడీ బండితో వచ్చే సర్వో తరచూ పోటీ రాళ్లకు చాలదు. దాన్ని మారుస్తారు, తర్వాత టైర్లు, వాటిలో ఫోములు, ఆపైన మోటారు. ఒకే వస్తువుకు రెండుసార్లు డబ్బు. పైగా పోటీలో గేట్ల (దారి చూపే గుర్తుల జతల) మధ్య ఏదైనా వదులైతే, మీ చేత్తో బిగించిన బండిలో అది ఎక్కడుందో వెతుక్కోనక్కర్లేదు.

తలా ఒక చోట భాగాలు ఏరుకొచ్చి కట్టడం మాత్రం మొదటి బండికి వద్దే వద్దు. లింకుల పొడవు సరిపోకపోతే యాక్సిల్ తిరిగిపోయి, గేర్‌బాక్స్ నుంచి దానికి శక్తినందించే డ్రైవ్‌షాఫ్ట్ కోణం పెరుగుతుంది, షాఫ్ట్ పట్టేస్తుంది. తప్పెక్కడుందో కొత్తవాళ్లకు అంతుపట్టదు. ఈ ఆట మీకు పడుతుందో లేదో చూడాలంటే రెడీ బండే మేలు. యాక్సియల్ కంపెనీ ఎస్‌సీఎక్స్10 రెండో తరం బండి కిట్‌గానూ, రెడీగానూ వచ్చింది. ఏది కొన్నా ముందు మీరు ఆడబోయే పోటీలో టైరు సైజు, వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) నిబంధనలు చదవండి.

కట్టేటప్పుడు లోహంలోకి దిగే స్క్రూలకే నీలం థ్రెడ్‌లాకర్ (స్క్రూ వదులు కాకుండా పట్టే జిగురు) చుక్క పెట్టండి. ప్లాస్టిక్‌కు తగిలితే పగుళ్లిస్తుంది. మోటారుకుండే చిన్న గేరు పినియన్‌కీ, దాంతో కలిసే పెద్ద స్పర్ గేర్‌కీ మధ్య సన్నని కాగితం ముక్క పెట్టి మోటారు బిగించి, కాగితం లాగేయండి. ఆ సందు చాలు.

అసలు సంగతి బరువు. ముందు చక్రాల కింద ఒకటి, వెనక చక్రాల కింద ఒకటి, ఒకే ఎత్తున్న రెండు వంటింటి తూకాలు పెట్టండి. బండి 2,600 గ్రాములుంటే ముందు 1,560, వెనక 1,040 దాకా ఉండాలి, అంటే 60:40. ముందు బరువు తక్కువైతే నిటారు రాయి ఎక్కేటప్పుడు ముందు చక్రాలు లేచి బండి వెనక్కి బోర్లాపడుతుంది. ముందు యాక్సిల్ చివర చక్రాలను పట్టుకునే నకిల్స్ బదులు ఇత్తడివి వేయండి, బ్యాటరీని ముందుకు, కిందకు జరపండి. యాక్సిల్ కన్నా పైన బరువు పెంచితే ఏటవాలు రాయి మీద బండి పక్కకు పొర్లుతుంది.

ప్రశ్న: రాళ్ల మధ్య స్టీరింగ్ తిప్పగానే బండి ఒక్క క్షణం చచ్చిపోయి మళ్లీ లేస్తోంది. బ్యాటరీ నిండుగానే ఉంది. ఎందుకు?
— ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: ఎక్కువగా ఇది బీఈసీ (బ్యాటరీ వోల్టేజీని తగ్గించి సర్వోకీ రిసీవర్‌కీ ఇచ్చే భాగం) చాలకపోవడమే. చక్రం రాయికి బిగుసుకున్నప్పుడు సర్వో ఒక్కసారిగా చాలా కరెంటు లాగుతుంది. వోల్టేజీ పడిపోయి, రిమోట్ సంకేతాలు అందుకునే రిసీవర్ ఆగి మళ్లీ మొదలవుతుంది. 10 ఆంపియర్ల బీఈసీ విడిగా పెట్టండి. దాని వోల్టేజీ సర్వో, రిసీవర్ రెండూ తట్టుకునేదై ఉండాలి. ఈఎస్‌సీ నుంచి రిసీవర్‌కు వచ్చే ప్లగ్‌లో ఎర్ర తీగ పిన్ను బయటికి లాగి టేపు చుట్టండి, లేకపోతే రెండు సరఫరాలు ఒకదానితో ఒకటి తలపడతాయి.