డాక్టర్ సలహా: మట్టి బొమ్మలు మానేసి నర్సింగ్ చదువుకోమంటున్నారు.. ఏం చేయను?

ప్రశ్న: నా వయసు 20. బీఎస్సీ నర్సింగ్ రెండో ఏడాది, హాస్టల్లో ఉంటాను. ఇంటర్ నుంచీ బంకమట్టితో బొమ్మలు చేయడం ఇష్టం. ఇప్పుడు టెర్రకోట శిల్పాలు చేస్తున్నాను. శని, ఆదివారాలు పిన్ని వాళ్ల మేడ మీద గదిలో చేసుకుని, తెలిసిన కుమ్మరి ఆవంలో కాల్పిస్తాను. మొన్న వినాయక చవితికి 60 దాకా మట్టి విగ్రహాలు చేసిచ్చాను. అప్పట్నుంచి కుడి బొటనవేలి మొదట్లో నొప్పి. సిరంజిలోకి మందు లాగాలన్నా ప్రాణం పోతోంది. రెండు చేతులూ పొడిబారి, వేళ్ల కణుపుల మీద పగిలాయి. శానిటైజర్ తగిలితే మంట. మూడు వారాలుగా పొడిదగ్గు కూడా. అన్నిటికీ మట్టే కారణమని అమ్మ అంటోంది. నిజంగా మానేయాలా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

సలహా: మానక్కర్లేదు. ముందు ఆ మాట చెప్పేసి మిగతా సంగతులు మాట్లాడుకుందాం. మీ అమ్మగారు మూడు బాధల్నీ కలిపి ఒకే మట్టిముద్ద చేసేశారు. మీరు రాసింది చూస్తే మూడింటికీ కారణాలు వేరు. అందులో ఒకదానికి మట్టితో అసలు సంబంధమే లేకపోవచ్చు. దాంతోనే మొదలుపెడతాను.

మూడు వారాల దగ్గు. మీరు ఆస్పత్రిలో తిరిగే మనిషి. మెడికల్ వార్డులోనూ క్యాజువాలిటీలోనూ క్షయ ఉన్నవాళ్లు, ఉందని ఇంకా తేలనివాళ్లు రోజూ ఎదురుపడుతుంటారు. దగ్గు రెండు వారాలు దాటితే ఎవరికైనా టీబీ పరీక్ష చేయించాల్సిందే. వార్డులో రోగులకు ఈ మాట చెప్పేది మీరే, మీ దాకా వచ్చేసరికి మట్టి మీదకు తోసేశారు! ఈ వారంలోనే చూపించుకోండి. కళ్లె పడితే దాని పరీక్ష, పడకపోతే ఛాతీ ఎక్స్‌రేతో మొదలుపెడతారు. ప్రభుత్వ ఆస్పత్రుల్లో టీబీ పరీక్షలు ఉచితం. సాయంత్రం పూట జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం ఉంటే ఒక్క రోజు కూడా ఆగొద్దు. చిన్నప్పుడు ఆయాసం, పిల్లికూతలు ఉండేవేమో అమ్మగారిని అడిగి ఆ సంగతి కూడా డాక్టర్‌కు చెప్పండి. కొందరికి ఉబ్బసం దగ్గు రూపంలోనే బయటపడుతుంది.

ఇక మట్టి వంతు. తడి మట్టితో ఊపిరితిత్తులకు పేచీ లేదు, పేచీ అంతా ఎండిన మట్టితోనే. బంకమట్టిలో సిలికా, అంటే పలుగురాయిలో ఉండే పదార్థమే, సన్నటి రేణువులుగా ఉంటుంది. కంటికి ఆనని రేణువులు గంటల తరబడి గాల్లో తేలుతూ ఊపిరితిత్తుల అడుగు దాకా వెళ్తాయి. రాళ్లు కొట్టేవాళ్లకు, రాతిపొడి మధ్య పనిచేసేవాళ్లకు వచ్చే సిలికోసిస్ దీనివల్లే. అది ఏళ్ల తరబడి పీలిస్తే వచ్చే జబ్బు. వారానికి రెండు రోజుల సరదాతో మూడు వారాల్లో రాదు. కానీ ఒకసారి వస్తే వెనక్కి పోదు కాబట్టి ఇప్పుడే పద్ధతి మార్చుకోవడం మేలు. బొమ్మ పూర్తిగా ఎండాక గరుకు కాగితంతో రుద్దుతున్నారా? ఆ పని మానేయండి. సగం ఆరినప్పుడే తడి స్పాంజితో నునుపు చేయండి. తప్పనిసరై ఎండిన బొమ్మను రుద్దాల్సి వస్తే తడిపి రుద్దండి, ఎన్95 మాస్కు పెట్టుకోండి. సర్జికల్ మాస్కు ఈ దుమ్ముకు చాలదు. పని అయ్యాక గదిని చీపురుతో ఊడవొద్దు, తడిగుడ్డతో తుడవండి. ఆ గుడ్డ ఆరకముందే ఉతికేయండి. సీలింగ్ ఫ్యాన్ కింద కూర్చుని ఎండిన మట్టిని గోకడం కంటే పొరపాటు పని ఇంకోటి లేదు. మా ఊళ్లో కుమ్మరి సారె పక్కన ఎప్పుడూ ఒక తడి గోనెపట్టా ఉండేది. మట్టి ఎండకూడదని వేసేవారు, దుమ్ము లేవకుండా కూడా అదే కాపాడేదని నాకు మెడిసిన్ చదివాక అర్థమైంది.

చేతుల పగుళ్ల మాటకొస్తే, అసలు దోషి ఆస్పత్రి. మట్టి తోడుదొంగ. క్లినికల్స్‌లో, అంటే వార్డు డ్యూటీలో, రోజుకు ఎన్నిసార్లు సబ్బుతో కడుగుతున్నారో ఒక రోజు లెక్కపెట్టండి. చర్మం మీది నూనె పొర అక్కడే సగం పోతుంది. మిగతా సగాన్ని శని, ఆదివారాల్లో మట్టి పీల్చేస్తుంది. దీన్ని ఇరిటెంట్ డెర్మటైటిస్ అంటాం. అలర్జీ కాదు, అరుగుదల. అయితే గ్లవ్స్ వేసుకున్న కొద్ది నిమిషాల్లోనే దురదతో దద్దుర్లు లేస్తుంటే అది లేటెక్స్ అలర్జీ కావచ్చు, ఆ సంగతి మీ టీచర్‌కు చెప్పి లేటెక్స్ లేని నైట్రైల్ గ్లవ్స్ అడగండి.

నర్సింగ్ విద్యార్థులు చాలామంది చేసే తప్పు ఒకటుంది. మంట పుడుతోందని హ్యాండ్‌రబ్ (శానిటైజర్) వదిలేసి మళ్లీ మళ్లీ సబ్బుతో కడుగుతారు. నిజానికి చేతికి రక్తం, మురికి కనిపించనప్పుడు హ్యాండ్‌రబ్బే చర్మానికి నయం. సబ్బే ఎక్కువ ఆరగొడుతుంది. మంట పగుళ్లవల్ల, మందువల్ల కాదు. కడిగాక తుడిచేటప్పుడు రుద్దకుండా అద్దండి. వేడినీళ్లు వద్దు. తడిచేతులకు గ్లవ్స్ తొడగొద్దు. రాత్రి పడుకునేముందు వాసన లేని పెట్రోలియం జెల్లీ దట్టంగా రాసి, పాత నూలు గ్లవ్స్ వేసుకోండి. పది రోజుల్లో తేడా మీకే తెలుస్తుంది. డ్యూటీకి ముందు మాత్రం జెల్లీ, కొబ్బరినూనె రాయొద్దు. నూనె తగిలితే లేటెక్స్ గ్లవ్స్ బలహీనపడి చిరుగుతాయి. ఆ వేళకు నీటి ఆధారిత క్రీమ్ చాలు. మట్టిపని చేసేవాళ్లు కొందరు వెనిగర్ కలిపిన నీళ్లతో చేతులు కడుగుతారు, పగుళ్లు మానేదాకా మీరు ఆ జోలికి పోవద్దు. మెడికల్ షాపులో అడిగితే ఇచ్చే స్టెరాయిడ్, యాంటీఫంగల్ కలిపిన ట్యూబు అసలే వద్దు. రెండు వారాల్లో తగ్గకపోతే చర్మ డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

పగుళ్లను నేను ఇంత పట్టుకుని చెప్పడానికి కారణం అందం కాదు. తెగిన చర్మం మీద రోగి రక్తం పడితే సూది గుచ్చుకున్నట్టే లెక్క. వార్డుకు వెళ్లేముందు పగుళ్లను నీళ్లు చొరని ప్లాస్టర్‌తో కప్పండి. రక్తం తగిలితే వెంటనే కడిగి, ఇన్‌చార్జి సిస్టర్‌కు చెప్పండి. హెచ్‌ఐవీ నివారణ మందు అవసరమైతే వీలైనంత త్వరగా, 72 గంటలు దాటకుండా మొదలుపెట్టాలి. హెపటైటిస్ బి టీకా మూడు డోసులూ అయ్యాయా? చివరి డోసు తర్వాత ఒకటి రెండు నెలలకు టీకా పట్టిందో లేదో చూసే యాంటీబాడీల పరీక్ష చేయించారా? టెటనస్ టీకా వేయించుకుని పదేళ్లు దాటితే అదీ వేయించండి, మట్టి, గాయం కలిసేచోట అది ఉండాలి. గోళ్లు పొట్టిగా కత్తిరించుకోండి. గోళ్ల కింద మట్టితో వార్డులోకి అడుగుపెట్టొద్దని మీకు నేను చెప్పక్కర్లేదు.

బొటనవేలి నొప్పికి మాత్రం మీ 60 వినాయకులే కారణం అనుకుంటున్నాను. బొటనవేలిని మడిచి మిగతా వేళ్లతో గుప్పిట పట్టండి, మణికట్టును నెమ్మదిగా చిటికెనవేలి వైపు వంచండి. బొటనవేలి మొదట్లో కరెంటు కొట్టినట్టు నొప్పి లాగితే అది చాలావరకు డి క్వెర్వైన్ సమస్యే. బొటనవేలిని కదిపే స్నాయువుల తొడుగు వాచి ఇరుకవుతుంది. మట్టి పిసకడం, నొక్కి నొక్కి తొండం దిద్దడం, ఆపై వార్డులో ఆంప్యూల్స్ (చిన్న గాజు మందు సీసాలు) విరవడం, బీపీ బల్బు పిండడం, రాత్రి ఫోన్లో బొటనవేలితో టైపింగ్. పాపం ఆ వేలికి సెలవే లేదు. మూడు నాలుగు వారాలు బొమ్మలకు విరామం ఇవ్వండి. బొటనవేలిని కూడా కదలకుండా పట్టే స్ప్లింట్ వేసుకోండి, మామూలు మణికట్టు పట్టీ చాలదు. రోజుకు రెండు మూడుసార్లు పది నిమిషాలు గుడ్డలో చుట్టిన ఐసు పెట్టండి. నొప్పి మాత్రలు రోజూ మింగుతూ నెట్టుకు రావొద్దు. తగ్గకపోతే ఆర్థోపెడిక్ డాక్టర్ ఇచ్చే ఒక ఇంజెక్షన్‌తో చాలామందికి కుదుటపడుతుంది. రాత్రుళ్లు బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కి మెలకువ వస్తుంటే అది వేరే సమస్య, నరం నొక్కుకుపోవడం. దాన్ని నాన్చొద్దు.

మళ్లీ మొదలుపెట్టినప్పుడు మట్టిని కాస్త మెత్తగా కలుపుకోండి, చిన్న ముద్దలుగా కోసుకుని పిసకండి. నడుము కంటే కొంచెం తక్కువ ఎత్తున్న బల్ల దగ్గర నిలబడి, ఒంటి బరువు వేసి పిసికితే వేళ్ల మీద భారం తగ్గుతుంది. నైట్ డ్యూటీ దిగి వచ్చిన రోజు మట్టి ముట్టొద్దు, ముందు నిద్రపోండి. నిద్ర చాలని చేతిలో కత్తి, మట్టి కోసే తీగ ఎక్కడైనా ప్రమాదమే. మీ కోర్సులో క్లినికల్ హాజరు వంద శాతం పూర్తి చేయాలి కాబట్టి, చేయి కట్టుకుని కూర్చున్న రోజులన్నీ తర్వాత తిరిగి చేయాల్సి వస్తుందన్నది కూడా గుర్తుంచుకోండి.

వచ్చే చవితికి కూడా వీధివాళ్లు అడుగుతారు, మీరు కాదనలేరు. శ్రావణం మొదట్లోనే పని మొదలెట్టండి. పీఠానికి, ఒంటికి అచ్చు వాడి, ముఖం, తొండం మాత్రం చేత్తో దిద్దండి. రోజుకు మూడుకు మించి వద్దు.