గ్రాంటు రాసేటప్పుడు జీతాలు అడగడానికి మొహమాటపడకు

చిరంజీవి మేనల్లుడికి,

అత్తయ్య ఆశీస్సులు. నిన్న మీ అమ్మ ఫోన్ చేసి అంతా చెప్పింది. హైదరాబాద్ ఉద్యోగం మానేశావట. మీ సొసైటీతో పాటు సముద్రం వైపు ఊళ్లలో ఉన్న మరో నాలుగు చిన్న సొసైటీలను కలుపుకుని, మంచినీళ్ల పని గట్టిపడేలా ఓ పెద్ద ఫౌండేషన్‌కి గ్రాంటు కోసం రాస్తున్నావట. వదిన గొంతులో బెంగే వినపడింది. నాకు ముందు గర్వంగా అనిపించింది, ఆ తర్వాత నిద్ర పట్టలేదు. నువ్వు చిన్నప్పటి నుంచీ లెక్కల్లో చురుకే కానీ నాన్నా, మనుషుల దగ్గర మొహమాటం ఎక్కువ. ఫోన్లో చెబితే "సరే అత్తా, సరే అత్తా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను.

కాగితాల సంగతి నీకు తెలిసిందే. రిజిస్ట్రేషన్, పాన్, పన్ను మినహాయింపు కాగితాలైన 12ఏ, 80జీ, స్వచ్ఛంద సంస్థలకి ప్రభుత్వ పోర్టల్ ఇచ్చే దర్పణ్ నంబరు, మూడేళ్ల ఆడిట్ రిపోర్టులు ఒకే ఫైల్లో పెట్టుకో. కంపెనీలు తమ లాభాల్లోంచి సమాజం కోసం ఇచ్చే సీఎస్‌ఆర్ డబ్బుకి సీఎస్‌ఆర్-1 నంబరు కూడా ఉండాలి, 2021 ఏప్రిల్ నుంచి అది తప్పనిసరి.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పాలి. డబ్బంతా నీ సొసైటీ పేరు మీద తీసుకుని, మిగతా నలుగురికీ పంచుతానని అన్నావట. ఆ ఫౌండేషన్ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో ముందు కనుక్కో. విదేశీ డబ్బయితే అలా పంచడం కుదరదు. 2020లో విదేశీ విరాళాల చట్టం, అదే ఎఫ్‌సీఆర్‌ఏ, మార్చినప్పుడు, తీసుకున్న విదేశీ విరాళాన్ని ఇంకో సంస్థకి బదిలీ చేయకూడదని పెట్టేశారు. ఆఫీసు ఖర్చుల పరిమితి కూడా సగం నుంచి 20 శాతానికి తగ్గించారు. ఆ డబ్బు ముందు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోనే పడాలి. మంచి పని కోసమే కదా అని పంచితే, రేపు రిజిస్ట్రేషన్ పోయేది నీది, పరువు పోయేది ఐదుగురిదీ. దేశంలోని డబ్బయినా సరే, ఒప్పందం మీద సంతకం పెట్టకముందే ఆడిటర్‌ని కూర్చోబెట్టి అడుగు. ఫీజు తీసుకుంటాడని వెనకాడకు.

అసలు ఆ నాలుగు సొసైటీలకీ ఎవరి ఖాతా వాళ్లకి, ఎవరి మినిట్స్ పుస్తకం వాళ్లకి ఉంటేనే కదా అవి బలపడినట్టు? గోదావరి లంకలో ఆ ఆడవాళ్ల సొసైటీ ఉందే, వాళ్లు వోచర్లు దారానికి గుచ్చి ఎంత జాగ్రత్తగా దాచుకుంటారో నేను చూశాను. వాళ్లకి కావలసింది నీ పెత్తనం కాదు, నెలకి రెండు రోజులు వచ్చి పక్కన కూర్చుని పద్దులు నేర్పే మనిషి.

ఇక గ్రాంటు ఏ నెలలో ముగుస్తుందో చూసుకో. డబ్బిచ్చేవాళ్లకి సంవత్సరం మార్చి 31తో అయిపోతుంది. మనకి కష్టం మొదలయ్యేదే ఆ తర్వాత. రెండో పంట దాళ్వా కోతలకొచ్చాక ధవళేశ్వరంలో నీళ్లు ఆపి కాలువలు కట్టేస్తారు. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయిన నాటి నుంచీ ఈ డెల్టా తాగేదీ పండించేదీ కాలువ నీళ్లతోనే. మళ్లీ కాలువ వదిలేదాకా ఊరి మంచినీళ్ల చెరువులో నింపుకున్నదే దిక్కు. మే నెల వచ్చేసరికి శివారు ఊళ్లలో ఆ చెరువు అడుగంటుతుంది, నీళ్లు పచ్చబడతాయి. బోరు వేస్తే ఉప్పు. పక్కనేమో రొయ్యల చెరువుల నీళ్లు మోసుకొచ్చే మురుగు కాలువ. నీళ్లు ఎక్కువసార్లు పరీక్షించాల్సింది సరిగ్గా ఆ ఏప్రిల్, మే నెలల్లో. పరీక్ష చేసే అమ్మాయి జీతం ఆగిపోయేదీ ఆ నెలల్లోనే. అందుకని గ్రాంటు జూన్ దాటేదాకా ఉండేలా అడుగు. సీఎస్‌ఆర్ నియమాల్లో "కొనసాగే ప్రాజెక్టు" అనే వెసులుబాటు ఉంది, మొదలుపెట్టిన ఏడాది కాక మరో మూడేళ్లు నడవొచ్చు. అడగనివాళ్లకి దాని గురించి ఎవరూ చెప్పరు.

ఇప్పుడు నాకు నిద్ర పట్టనివ్వని విషయం. మన వైపు ఒడ్డు ఊళ్లలో ఒక సంస్థ ఉండేది. పేరు రాయను, ఆ కుటుంబాలు ఇంకా అక్కడే ఉన్నాయి. రిటైరైన ఒక మాస్టారు దాన్ని నడిపేవారు. వారానికోసారి వెళ్లి నేను వాళ్ల లెక్కలు రాసేదాన్ని. ఓ దాత ముందుకొచ్చి ఎంత కావాలో రాయమన్నాడు. మాస్టారు షెడ్డు రాశారు, నీళ్లలో ఉప్పు తీసే ఆర్‌ఓ యంత్రం రాశారు, ట్యాంకు, గొట్టాలు, రంగులు, ప్రారంభోత్సవం కూడా రాశారు. దాత తరఫున వచ్చిన అమ్మాయి కాగితం చివరిదాకా చదివి, "మరి మనుషులకి?" అని అడిగింది. మాస్టారు నవ్వి, "మావాళ్లు సేవగా చేస్తారమ్మా" అన్నారు. గదిలో అందరూ తలలూపారు. ఆ అమ్మాయి ఇంకేమీ అడగలేదు.

మొదటి వేసవి బ్రహ్మాండంగా గడిచింది. తెల్లారకముందే బిందెలు వరసలో ఉండేవి. ప్లాంటు చూసే కుర్రాడికి క్యాన్‌ల మీద వచ్చే చిల్లరే జీతం. రెండో ఏడు వాడికి కువైట్ వీసా వచ్చింది. వెళ్లొద్దని ఎవరంటారు, ఇంట్లో పెళ్లికెదిగిన చెల్లెలు ఉంది. ఆ తర్వాత ఎదురుగా ఉన్న కొట్టతను పొద్దున స్విచ్ వేసేవాడు, రాత్రి ఆపేవాడు. మోటారు శబ్దం వినపడుతోంది కాబట్టి ప్లాంటు బాగానే ఉందని ఊరంతా నమ్మింది. నీళ్లూ తియ్యగానే ఉన్నాయి. పుట్టిన దగ్గర్నుంచి ఉప్పు నీళ్లతో వేగినవాళ్లకి ఉప్పు లేకపోతే చాలు, అవే మంచినీళ్లు. కానీ ఉప్పు నాలుకకి తెలుస్తుంది, క్రిములు తెలియవు.

వానాకాలంలో రెండు వీధుల్లో పిల్లలకి వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. నీళ్లలో క్రిములుంటే నల్లబడే పరీక్ష సీసాలు నా దగ్గర ఉంటే ప్లాంటు కుళాయి కింద ఒకటి పట్టి, మా ఇంట్లో కాచి చల్లార్చిన నీళ్లు ఇంకోదాంట్లో పోసి, మూతలు బిగించి వంటింటి గట్టు మీద పెట్టాను. మర్నాటికి మా ఇంటి సీసా రంగు మారలేదు. ప్లాంటు సీసా మాత్రం సిరా పోసినట్టు నల్లబడింది. శుద్ధి చేసిన నీళ్లు నిలవ ఉంచే ట్యాంకు మూత తీయించాం. గోడలంతా జిగట, అడుగున మట్టి, ఓ మూల చచ్చిన బల్లి. యంత్రం ఉప్పు తీసి ఇస్తున్న నీళ్లన్నీ అందులో పడి మళ్లీ పాడైపోతున్నాయి. ట్యాంకు కడగడం, క్లోరిన్ చూడటం ఎవరి పనో ఏ కాగితంలోనూ లేదు.

దేవుడి దయవల్ల పిల్లలందరూ కోలుకున్నారు. దాత రెండో విడత ఇవ్వలేదు. మాస్టారు తన పింఛనుతో యంత్రంలో నీళ్లు వడగట్టే పొర, కొత్త మెంబ్రేన్ కొన్నారు, చూసే మనిషి లేక అదీ పోయింది. చివరిదాకా ఆయన "యంత్రం మోసం చేసింది" అనేవారు. ఆయన దొంగ కాదు నాన్నా, సోమరీ కాదు. జీతం అడిగితే తమ సేవ చిన్నబోతుందని అనుకున్నారు. నీ స్వభావం కూడా అచ్చం అదే. అందుకే నాకీ భయం.

కాబట్టి నీ బడ్జెట్‌లో మొదటి వరసలో మనుషుల్ని రాయి. ప్లాంటు, చెరువు చూసుకునేవాళ్లకి నెల జీతం. ఐదు సొసైటీలకీ కలిపి పద్దులు చూసే ఒక మనిషి. నీళ్ల పరీక్షలకి, బ్లీచింగ్‌కి, రానూపోనూ ఖర్చులకి విడివిడిగా. వరద తీసిన వారంలో బోరింగులూ ట్యాంకులూ శుభ్రం చేయించడానికి కొంత పక్కన. యంత్రాలు చివర్లో రాయి. "ఇంత జీతాలకేనా?" అని వాళ్లు అడుగుతారు. అప్పుడు నీళ్లు నమలకు. చివరి కుళాయి దగ్గర లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ ఉందో లేదో రోజూ చూసేది మనిషేనని చెప్పు. ఊరికి ఐదుగురు ఆడవాళ్లకి కిట్‌తో నీళ్ల పరీక్ష నేర్పాలని జల్ జీవన్ మిషన్‌లోనే పెట్టారు. అలా నేర్చుకున్నవాళ్లు ఆ ఊళ్లలో ఉంటే ముందు వాళ్లనే పనిలోకి తీసుకో.

పెద్ద మొత్తం ఇస్తామంటే వెంటనే ఒప్పేసుకోకు. ఏడాదికి రెండు లక్షలు ఖర్చుపెట్టిన సొసైటీ ఒక్కసారిగా ముప్పై లక్షలకి లెక్క చెప్పలేదు. మొదటి ఏడు తక్కువ అడుగు. చెక్కుల మీద రెండు సంతకాలు ఉండాలి. ఖాళీ చెక్కు మీద నాన్నగారు అడిగినా సంతకం పెట్టకు. నాన్న మీద అనుమానమా అని కోపం తెచ్చుకోకు, మా అన్నయ్య సంగతి నాకు తెలియనిదా? వోచరు లేకుండా డబ్బు కదలకూడదు, అంతే.

ఇంకొకటి, దీనికీ గ్రాంటుకీ సంబంధం లేదు. గోదావరి పోటు మీద ఉన్నప్పుడు రేవు దాటించే పంటు ఎక్కకు. 1986 ఆగస్టు వరద చూసినదాన్ని నేను. సీసాలు రెండు రోజులు ఆలస్యంగా తెచ్చుకున్నా ఏం కాదు. వేళకి అన్నం తిను. మీ అమ్మతో రోజూ ఒక్క మాట మాట్లాడు, తను నాతో చెప్పుకుని ఏడుస్తోంది.

బడ్జెట్ కాగితం పంపే తేదీకి వారం ముందు నాకు చూపించు. వాట్సాప్‌లో పంపితే అంకెలు నాకు ఆనవు, ప్రింటు తీసి రాజోలు బస్సులో ఎవరితోనైనా పంపు. జీతాల వరసలో పెన్సిల్‌తో గుర్తుపెట్టి తిప్పి పంపుతాను. లంకలో ఆ ఆడవాళ్ల కోశాధికారిని కూడా ఆ రోజు మా ఇంటికి రమ్మను, ఇద్దరం కలిసే చూస్తాం.

మీ అత్తయ్య